రెండు వైపులా మూసిన దారి

పంది కోసే రోజు మా ఇంట్లో ఎవరూ ఎక్కువ మాట్లాడరు. నీళ్ళు మరగాలి, కత్తులు నూరాలి, పేగులు కడగాలి. నోటికి తీరిక ఉండదు. ఆ ఏడు డిసెంబరులోనూ అంతే. పొద్దువాలేసరికి ముక్కలన్నీ బల్ల మీదికొచ్చాయి. మా మామగారు, తీతా ఆయన పేరు, ముందుకొచ్చి, తొడలోంచి మంచి ముక్క ఒకటి కోసి, ఉప్పు పట్టించి, పొగగదిలో ఒక మూలకి వేలాడదీశారు. అది ఎవరిదని ఎవరూ అడగలేదు. ప్రతి ఏడూ అదే మూల, అదే కొక్కెం.

మా ఆయన లినర్ట్ మాత్రం ఊరుకోలేకపోయాడు.

"ఎలకలకి కూడా వాటా పెట్టే ఇల్లు మనదొక్కటే," అన్నాడు, చేతులు కడుక్కుంటూ.

"ఎలకలకైతే నువ్వింత ఏడ్చేవాడివి కాదులేరా," అన్నారు మామగారు, వెనక్కి తిరక్కుండానే.

నాకు నవ్వొచ్చింది. పేగులు కడిగే తొట్టిలోకి తల వంచుకుని నవ్వుకున్నాను. ఆ ఇంట్లో ఆ చలికాలం నేను నవ్విన నవ్వుల్లో అదొకటి. తక్కినవి లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళే ఎక్కువ.

ఆ ముక్క వీజోది. వీజో నా మరిది. సెల్వాలో, పక్క లోయలో కాపురం. మా దగ్గర పొలం ముక్కలు చెయ్యరు. ఇల్లూ, ఆవులూ, గడ్డిభూములూ మొత్తం ఒక్క కొడుక్కే. పెద్దవాడు గనక లినర్ట్‌కి వచ్చింది, రెండోవాడికి దీవెనలు దక్కాయి. ఆ దీవెనల దగ్గరే, వాళ్ళమ్మ పోయిన ఏడు, కొట్టంలో ఇద్దరూ కలియబడ్డారు. "ఈ గడప మళ్ళీ తొక్కితే చెప్పుచ్చుకు కొట్టండి" అని వీజో వెళ్ళిపోయాడు. అంతే, ఇద్దరికీ మాటల్లేవు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే ఒకడు బీరు గ్లాసులోకి చూసేవాడు, ఒకడు పైకప్పుకేసి చూసేవాడు.

దేవుడికి వెటకారం ఎక్కువ. ఇద్దరికీ ఒకటే ఉద్యోగం ఇచ్చాడు. మాకూ సెల్వాకీ మధ్య ఫ్రెయా కనుమ. దానికి ఈ వైపు వాలు, స్కీలవాళ్ళని తీగల మీద పైకి చేరవేసే మా ఊరి లిఫ్టు కంపెనీది, ఆ వైపు వాలు వాళ్ళది. సాయంత్రం లిఫ్టులు ఆగాక అందరికంటే ఆఖరున స్కీల మీద దిగుతూ, ఎవరైనా కాలు విరిగి పడున్నారా, దారి తప్పారా అని చూసుకుంటూ, తాళ్ళు అడ్డం కట్టి దారి మూసెయ్యాలి. మా వైపు దారి మూసేది లినర్ట్. ఆ వైపు దారి మూసేది వీజో. కనుమ మీద కొంతమేర చదును ఉంటుంది, దాని మధ్యలో చెక్క సిలువ, దాని కిందొక బల్ల. అక్కడికి హద్దు. రోజూ దిగబోయే ముందు ఇద్దరూ సిలువ దాకా వచ్చి చూసి వెళ్ళాలని రూలు.

ఈ కనుమ ఉన్న సెల్లా కొండ చుట్టూ స్కీల మీద ఒక రోజులో తిరిగి రావచ్చు. నాలుగు లోయలు, నాలుగు కనుమలు. ఎక్కడానికి లిఫ్టులు, దిగడానికి వాలు. బయటి ఊళ్ళవాళ్ళు గొప్పకి తిరుగుతారు. మా మామగారు కొడుకు కోసం తిరిగేవారు. తిన్నగా కనుమ ఎక్కి దిగితే వీజో ఇల్లు ఎంతో దూరం లేదు. కానీ పొద్దున్నే ఆ లిఫ్టు దగ్గర లినర్ట్ ఉంటాడు. ఒక కొడుకు కళ్ళముందే ఇంకో కొడుక్కి మాంసం మోసుకెళ్ళడానికి ప్రాణం ఒప్పక, ముసలాయన కొండంతా ఎదురు వైపునుంచి చుట్టేసి, మధ్యాహ్నానికి సెల్వా చేరి, వీజో ఇంట్లో రెండు ముద్దలు తిని, ఆఖరి లిఫ్టెక్కి మా వైపు దిగేవారు. ఏడాదికొక్కసారి, ఫిబ్రవరి మొదట్లో వచ్చే కొవ్వొత్తుల పండుగనాడు. ఆ సాయంత్రం లినర్ట్ ఆయన వెనకే దారి మూసుకుంటూ దిగేవాడు. "ఎక్కడికెళ్ళావు నాన్నా" అని అడిగేవాడు కాదు. ఆయనా చెప్పేవారు కాదు. ఇద్దరూ ఒకేసారి గుమ్మం దగ్గర బూట్ల మంచు దులుపుకునేవారు.

ఆ ఏడు కొవ్వొత్తుల పండుగ గురువారం వచ్చింది. లినర్ట్ పనికి వెళ్ళాక మామగారు వంటింట్లోకి వచ్చి, పొగపట్టిన ముక్కని గుడ్డలో చుట్టి వీపుసంచీలో పెట్టుకున్నారు. రై రొట్టె ఒకటి అడిగితే ఇచ్చాను.

"అమ్మాయ్, ఇవాళ బార్లీ సూపు కాస్త ఎక్కువ కాయి."

"ఎందుకు మామయ్యా, తిరిగి తిరిగి అంత ఆకలేస్తుందా?"

"నేనొక్కణ్ణే రాను."

గరిటె నా చేతిలోనే ఆగిపోయింది.

"వీజో వస్తానన్నాడా?"

"అడగందే ఎట్టా అంటాడే? ఇవాళ అడుగుతా. సాయంత్రం ఎలాగూ వాడు సిలువ దాకా రావాల్సిందే, వీడూ రావాల్సిందే. నేను మధ్యలో కూచుంటా. ముసలాణ్ణి చలిలో వదిలేసి ఎవడు పోతాడో చూస్తా."

"తిట్టుకుంటారు మామయ్యా. కొట్టుకున్నా కొట్టుకుంటారు."

"తిట్టుకోనీ. ఎదురెదురుగా నిలబడి తిట్టుకుంటే చాలు నాకు. తిట్టు కూడా మాటే కదా." బూటు తాళ్ళు బిగిస్తూ ఆయాసపడ్డారు. "కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడంటారు. నాకు పుట్టినవాళ్ళే నడిచి రావట్లేదు. వచ్చే ఏటికి ఈ మోకాళ్ళు నా మాట వినవు బుర్గా. ఏం చేసినా ఇప్పుడే చెయ్యాలి."

"లినర్ట్‌కి చెప్పనా?"

"చెప్పావంటే ఇవాళే వాడికి జ్వరమొస్తుంది."

ఆయన మెట్లు దిగి, స్కీలు భుజాన వేసుకుని, కర్రలు ఆడించుకుంటూ వెళ్ళారు. ఆకాశం తేటగా ఉంది. వెళ్ళే మనిషిని చూసి నాకు భయమేమీ వెయ్యలేదు, ఉన్నమాట చెప్తున్నాను. సంబరపడ్డాను. పెద్ద కుండ దించి బార్లీ పోశాను, పొగమాంసం వేశాను, పాలకూర కూరి నూనెలో వేయించే తుత్రెలకి పిండి కూడా కలిపాను.

మధ్యాహ్నం లినర్ట్ తిండికి వచ్చాడు. వచ్చీ రాగానే అతని కళ్ళు కుండ మీదే పడ్డాయి.

"సైన్యమేమన్నా దిగుతోందా?"

"రేపటికి కూడా సరిపోతుందని కాశాను."

"రేపు శుక్రవారం."

శుక్రవారం మా ఇంట్లో మాంసం ముట్టం. మామగారైతే మాంసం వండిన గరిటె కూడా ముట్టరు. అబద్ధమాడ్డానికి కూడా క్యాలెండరు చూసుకోవాలని ఆ రోజే తెలిసింది.

లినర్ట్ కుర్చీలో వెనక్కి వాలి నన్నే చూశాడు. పిండి వైపు చూశాడు. నెమ్మదిగా తలాడించాడు.

"ఓహో. వాణ్ణి తీసుకొస్తున్నాడన్నమాట."

"తీసుకొస్తే ఏం? వాడేమన్నా పులా?"

"ఈ బల్ల దగ్గర వాడు కూచుంటే నేను ఆవులతో తింటా. ముసలాడికి ఆ మాట చెప్పు."

"నువ్వే చెప్పుకో. నోరు నాకు అప్పిచ్చావా ఏంటి?"

తిండి సగంలో వదిలేసి లేచి వెళ్ళిపోయాడు. అతను వెళ్ళిన కాసేపటికే మబ్బు కమ్మింది. సన్నగా మొదలైన మంచు, నేను పాలు పితికేసరికి దట్టంగా పడుతోంది.

సాయంత్రం లినర్ట్ రోజూకంటే ముందే వచ్చేశాడు. ఒక్కడే. బూట్లు దులిపిన చప్పుడు ఒక్క జతదే వినబడింది.

"మామయ్య కనబడలేదా?"

"లేదు."

"దారంతా చూశావా?"

"మా వాలు మీద పిట్ట కూడా లేదు. ఈ మంచులో వాడు మాత్రం ఎలా పంపిస్తాడు? నాన్న అక్కడే ఉండిపోయుంటాడు."

నాకూ అదే నిజమనిపించింది. వీజో రానన్నాడు, ముసలాయన అలిగి అక్కడే పడుకున్నారు, అనుకున్నాను. అయినా మనసాగక, వీజో పెళ్ళాన్ని అడుగుదామని ఫోను దగ్గరికి వెళ్ళాను.

"ఎవరికి?" అన్నాడు లినర్ట్.

"క్రిస్తాకి. ఒక్క ముక్క అడిగి పెట్టేస్తా."

"చెయ్యి, చెయ్యి. ఒక్క రాత్రి నాన్న బయటుంటే వీళ్ళకి నిద్దరపట్టలేదు, నా మీద నమ్మకం లేదు అని వీజో ఊరంతా చెప్పుకుంటాడు. నాన్నకి కూడా ఎంత సిగ్గుచేటో ఆలోచించు. తీసుకురాలేకపోయిన మనిషికి ఫోన్ చేసి, తీసుకొచ్చావా అని అడుగుతావా?"

ఆ ఆఖరి మాటకి నేను ఫోను పెట్టేశాను. నిజమే అనిపించింది. ఇప్పటికీ ఆ మాటలో తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించలేను. సూపు ఇద్దరం తాగాం. తుత్రెలు వేయించలేదు.

తెల్లవారుతుండగా తలుపు తట్టారు. మంచు చదును చేసే బండి నడిపే ప్రాన్స్. మా ఇళ్ళ గుంపులోవాడే, మామగారికి అన్నకొడుకు. రాత్రంతా మంచు ఆగలేదట, అది ఆగాక అప్పుడే కనుమ మీదికి బండి తీశాడట. టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"వదినా, లినర్ట్‌ని లేపు."

"ఏమైంది ప్రాన్స్?"

"బాబాయ్ సిలువ దగ్గరున్నాడు."

"సిలువ దగ్గరా? ఇంత పొద్దున్నే అక్కడేం చేస్తున్నారు?"

వాడు నా మొహం చూడలేక తల దించుకున్నాడు. "పొద్దున్నుంచి కాదు వదినా. నిన్నట్నుంచీ."

లినర్ట్ నా వెనకే నిలబడి విన్నాడు. గోడకి తగిలించిన కోటు తీసుకుని, ఒక చెయ్యి తొడుక్కుని, రెండోది మర్చిపోయి అలాగే ప్రాన్స్ వెనక వెళ్ళాడు.

నేను సెల్వాకి ఫోన్ చేశాను. నేనేం చెప్పకముందే క్రిస్తా అందుకుంది.

"నేనే చేద్దామనుకుంటున్నా అక్కా. మామయ్య నిన్న బాగానే చేరారా?"

భగవంతుడా! ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆయన పడలేదు. కాలు విరగలేదు. స్కీలు విప్పి, పక్కన మంచులో నిలువుగా గుచ్చి, సిలువ కింద బల్ల మీద కూచున్నారు. ఒక కొసకి జరిగి కూచున్నారట, ఇంకో ఇద్దరు పట్టేలా. ప్రాన్స్ ఆ సంగతి నాకు చెప్పాడు, లినర్ట్‌కి చెప్పొద్దని నేనన్నాను. కానీ లినర్ట్ చూశాడుగా. చూడకుండా ఎలా ఉంటాడు?

ఆ రోజు వీజో మా గడప తొక్కాడు. లోపల పొయ్యిగదిలో మామగారిని పడుకోబెట్టాం, తల దగ్గర కొవ్వొత్తులు వెలిగించాం. గుంపులోని ఆడవాళ్ళం జపమాల తిప్పుతుంటే అన్నదమ్ములు పొయ్యికి ఆ పక్కొకడు, ఈ పక్కొకడు కూచున్నారు. శవపెట్టె మోసేటప్పుడు ముందు కొస ఇద్దరికీ వచ్చింది. చర్చి దాకా ఒకే అడుగు వేశారు. మాట మాత్రం లేదు. ఊరంతా చూస్తోంది, ఇప్పుడైనా ఒకడి భుజం మీద ఒకడు పడతాడేమోనని. పాతిపెట్టాక వీజో మట్టి చేతులు ప్యాంటుకి తుడుచుకుని, మా ఇంటి భోజనానికి రాకుండా, క్రిస్తాని కారెక్కించుకుని వెళ్ళిపోయాడు.

మరుసటి వారం పోలీసాయన ఇద్దర్నీ సిలువ దగ్గరికి పిలిపించాడు. దేశానికి ఆ చివర, ఎండలు కాసే దక్షిణంనుంచి వచ్చిన మనిషి, మంచులో పల్చటి బూట్లు వేసుకుని గజగజలాడుతున్నాడు. ఆ సాయంత్రం ఎవరు ఏం చేశారో చెప్పడానికి నన్నూ రమ్మన్నాడు. చేతిలో అట్ట, దానికొక కాయితం.

"ఈ బల్ల ఎవరి వైపు కిందికొస్తుంది?"

"మా వైపు," అన్నాడు లినర్ట్.

"కాదు. మా వైపు," అన్నాడు వీజో.

పోలీసాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఇలాంటి తగాదాలు ఆయన చాలానే తీర్చి ఉంటాడు, కానీ తప్పు నాదంటే నాదని పోట్లాడుకునేవాళ్ళని చూసి ఉండడు.

"సరే. ఆ సాయంత్రం ఇక్కడిదాకా రావాల్సింది ఎవరు?"

"నేను," అన్నారు ఇద్దరూ.

"వచ్చారా?"

గాలి కొడుతోంది. ముందు వీజోయే నోరు విప్పాడు. అన్న వైపు కాదు, పోలీసాయన గుండీల వైపు చూస్తూ చెప్పాడు.

"రమ్మన్నాడు నాన్న. నేను రానన్నాను. అయితే సిలువ దగ్గరే కూచుంటా, నువ్వొచ్చేదాకా లేవను అని ఆఖరి లిఫ్టెక్కాడు. నాకు ఒళ్ళు మండింది. పైనించి ఇటు రాకుండా అటే దిగిపోయాను. మా అన్న వస్తాడుగా అనుకున్నా. నాకెంత కోపమున్నా ఒక మాట ఒప్పుకోవాలి, పని దగ్గర వాడు పెట్టింది పేరు. తుఫానొచ్చినా సిలువ దాకా రాకుండా దిగడు. వచ్చి నాన్నని రెండు తిట్టి ఇంటికి తీసుకెళ్తాడని..." ఆపేశాడు.

మా అన్న. ఆ మాట విని లినర్ట్ టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు. నేను చూశాను.

"మీరు?" అన్నాడు పోలీసాయన.

"రాసుకోండి. అదే."

"అదే అంటే?"

"వాడు చెప్పిందే. నాన్న వాణ్ణి వెంటబెట్టుకొస్తున్నాడని తెలిసి, మొహం చూడ్డం ఇష్టంలేక నేను ముందే దిగిపోయాను. నేను కనబడకపోతే ఇద్దరూ తిరిగి సెల్వా పోతారులే అనుకున్నా. ఒకవేళ నాన్న ఒక్కడే వచ్చినా, మా తమ్ముడు దారి మూసేముందు ఇక్కడిదాకా వస్తాడుగా. వాడు ఒక్కరోజు కూడా..." లినర్ట్ కాయితం వైపు వేలు చూపించాడు. "అదే రాసుకోండి."

పోలీసాయన రాశాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. ఒకడి మీద ఒకడికి అంత నమ్మకం గుండెల్లో దాచుకుని, ఇన్నేళ్ళూ పళ్ళు కొరుక్కుంటూ తిరిగారు కదరా వెధవల్లారా, ఆ నమ్మకమే కదరా ముసలాయన ప్రాణం తీసింది అని అరవాలనిపించింది. అరవలేదు. పోలీసాయన కాయితం మడిచి, "వయసు, చలి" అన్నాడు, తనలో తనే. తరవాత కోర్టువాళ్ళూ అదే అన్నారు. ఎవరి మీదా కేసు లేకుండా పోయింది. ఉండుంటే వాళ్ళిద్దరికీ కాస్త తేలికయ్యేదేమో.

ఆ చలికాలం మిగిలిన రోజులన్నీ లినర్ట్ రాత్రి భోజనం కొట్టంలో తిన్నాడు. ఆవులతో తింటానని అన్నాడుగా, తిన్నాడు. నేను పళ్ళెం అక్కడికే పట్టుకెళ్ళేదాన్ని. రమ్మని బతిమాలితే, "ఆ బల్ల దగ్గర నాకు ముద్ద గొంతు దిగదు బుర్గా," అనేవాడు.

ఈస్టరు తరవాత లిఫ్టులు ఆపేసే రోజు, సాయంత్రం నేనూ లినర్ట్‌తో పైకెళ్ళాను. ఎందుకెళ్ళానంటే, చచ్చినాయన పని ఎవరో ఒకరు పూర్తిచెయ్యాలి కదా. మంచు అప్పటికే మెత్తబడింది, రాళ్ళ మధ్య నీళ్ళు పారుతున్నాయి. లినర్ట్ తిన్నగా సిలువ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. అవతలినుంచి వీజో వచ్చాడు. బల్లకి కాస్త ఎడంగా ఆగాడు. ఇద్దరూ బల్ల మీదికి చూశారు, చుట్టూ చూశారు.

"ఇటు ఎవరూ లేరు!" అని అరిచాడు లినర్ట్.

"ఇటూ ఎవరూ లేరు!" అని అరిచాడు వీజో.

ఫిబ్రవరినుంచీ రోజూ అలాగే అరుస్తున్నారని నాకు అప్పుడు తెలిసింది. అంత దగ్గర నిలబడి, అంత గట్టిగా. ఆ కేకలు తప్ప ఇంకో మాట లేదట.

వీజో వెనక్కి తిరగబోతుంటే నేను ముందుకెళ్ళాను.

"వీజో, సూపు పెట్టొచ్చాను. మాంసం కూడా వేశాను. ఇవాళ ఇటు దిగు నాయనా. మీ నాన్న అడిగింది ఒక్కటే కదా."

వాడు ఆగాడు. అక్కడ, ఆ సాయంత్రం, వాడు వస్తాడనే అనుకున్నాను. స్కీ ముక్కు మా వైపు తిరిగింది కూడా. వాడి కళ్ళు మాత్రం బల్ల మీదే ఉన్నాయి. ఆ బల్ల పక్కనుంచే మా ఊరికి దారి.

"నాన్న కూచున్న చోటు దాటుకుని ఆ ఇంటికెట్టా రాను వదినా?" అన్నాడు.

నేను లినర్ట్ వైపు తిరిగాను. నువ్వైనా ఒక్క మాట అను అని కళ్ళతోనే అడిగాను. అతను అప్పటికే దారికి అడ్డం కట్టే తాడు విప్పుతున్నాడు.

"వాడు చెప్పింది నిజమే," అన్నాడు మెల్లగా. "నేనూ అటు వెళ్ళలేను. పద, పొద్దుపోతోంది."

వీజో ఆ వైపు దిగాడు. మేము ఈ వైపు దిగాం. నేను ముందు, లినర్ట్ నా వెనక, దారి మూసుకుంటూ.